లాటిను తొలిపాఠము: వల్లెయా, వివేకమా?



కొన్ని యేండ్ల క్రిందట మా పాఠశాలలో ప్రకృతిశాస్త్రము చెప్పు ఉపాధ్యాయుడు సెలవుపై నుండగా ఆయన తరగతికి నన్ను పంపిరి. నల్లబల్లపై మొక్కల శాస్త్రనామములు వ్రాసి పిల్లలచేత పలికించుట నా పని. వరి ‘ఒరైజా సటైవా’ అనియు, వెల్లుల్లి ‘ఆలియం సటైవం’ అనియు, కుంకుమపువ్వు ‘క్రోకస్ సటైవస్’ అనియు వ్రాసితిని. రెండవ వరుసలోని యొక బాలిక లేచి, “మాస్టారూ! మూడు చోట్లను మాట ఒకటియే కదా! వరికి సటైవా, వెల్లుల్లికి సటైవం, కుంకుమపువ్వునకు సటైవస్ అని తోక యేల మారినది?” అని యడిగినది. నేను, “అది లాటినమ్మా! ఉన్నదున్నట్లు కంఠస్థము చేయుము. అక్షరము తప్పినచో మార్కు పోవును” అంటిని. ఆ పిల్ల మారుమాటాడక కూర్చుండెను.

ఆ బాలిక యడిగినది సరియైన ప్రశ్న. నేను చెప్పినది సమాధానమే కాదు. ‘నవః, నవా, నవమ్’ అని బాల్యమున వల్లించి, విశేషణము విశేష్యము యొక్క లింగమును బట్టి మారునని ఇరువది యేండ్లుగా పిల్లలకు బోధించుచున్న నాకు, బల్లపై నేనే వ్రాసిన మూడు రూపములును ఆ పుంస్త్రీనపుంసక రూపములే యని తోచకపోవుట ఎంత సిగ్గుచేటు! విత్తి పండింపబడినది అని ఆ మాటకు అర్థము. క్రోకస్ పుంలింగము, ఒరైజా స్త్రీలింగము, ఆలియం నపుంసకము. ఈ మూడు పేర్లును 1753లో లినేయసు ప్రకటించిన వృక్షగ్రంథములోనివి. లాటిను మూడు లింగములును మన వంటింటి గూటిలోనే యుండగా చూచు కన్ను నాకు లేకపోయెను.

ఆ సిగ్గే నన్ను నలుబది దాటిన వయసున లాటిను ప్రారంభకుని చేసినది. ఒక ప్రైమరు తెచ్చుకొని రాత్రులు చదివితిని. చదివిన కొలది నాకు రెండు సంగతులు స్పష్టమైనవి. లాటిను విభక్తులను, క్రియారూపములను క్రొత్తవానికి నేర్పు విధమున మనము రెండు తప్పులు చేయుచున్నాము. అర్థము లేని వల్లెను చదువని భ్రమించుట ఒకటి. తెలుగువానికి స్వంత భాషలో తెరచియున్న వాకిలిని విడిచి, విభక్తులే యరుదైన ఇంగ్లీషు గుండా అతనిని త్రిప్పి తీసికొనిపోవుట రెండవది. ఈ రెండింటిని ఖండించుటయే నా యుద్దేశము.

మొదట వల్లె మాట. ఇది మనయొద్దనే పుట్టిన జాడ్యము కాదు. బ్రిటిషు ప్రధానమంత్రియైన చర్చిలు 1930లో ప్రకటించిన తన బాల్యచరిత్రమున నొక ముచ్చట చెప్పినాడు. బడిలో చేరిన మొదటి దినముననే బల్ల యను అర్థముగల ‘మేన్స’ శబ్దము పట్టికను చేతికిచ్చి కంఠస్థము చేయుమనిరట. చేసి అప్పజెప్పిన పిదప, “ఓ బల్లా!” అను సంబోధన యేమిటని ఆ బాలుడు అడిగెను. బల్లతో మాటాడునప్పుడు దానిని వాడుదురని గురువు చెప్పెను. “నేనెన్నడును బల్లతో మాటాడను” అని పిల్లవాడు అనగా, అది పెంకితనమని యెంచి దండింతునని గురువు బెదరించెను. ఆ గురువును చూచి నవ్వుటకు నాకు అధికారము లేదు. ఆయన బెత్తము చూపినాడు, నేను మార్కు చూపితిని. భేదమంతే.

అట్లయిన పట్టికలను పారవేయుదమా? అట్లు వాదించువారును ఉన్నారు. “పిల్లలు మాతృభాషను పట్టికలతో నేర్చుకొనిరా? వినుచు వినుచు వచ్చినది కాదా?” అని వారి ప్రశ్న. ఈ వాదమునకు ఘనమైన సాక్షియే కలడు. నాలుగవ శతాబ్దిలో ఉత్తరాఫ్రికాలో జన్మించిన అగస్తీను, లాటిను తనకు దాదుల లాలనములోను, ఆటపాటలలోను భయము లేకయే వచ్చినదనియు, గ్రీకును మాత్రము బెదరింపులతో నేర్పుటచే అది చేదైనదనియు తన యాత్మకథలో వ్రాసినాడు. నిజమే. కాని, అయ్యలారా! మనకు లాటిను మాటాడు దాదులెక్కడ? దినమున ముప్పావుగంట మాత్రము చదువు ప్రారంభకునకు, పది సంవత్సరములు వినిన పిల్లవానికి కలుగు సంస్కారము ఊరక కలుగునా? వినికిడి తక్కువైన చోట నియమము సాయపడవలసినదే. పట్టిక యనగా పదివేల వాక్యముల సారమును పది పంక్తులలో కుదించిన సంగ్రహము. దానిని ద్వేషించుట అవివేకము.

రోమకులు సైతము తమ పిల్లలకు రూపములను నేర్పిరి. నాలుగవ శతాబ్దిలో దొనాతుసు వ్రాసిన చిన్న వ్యాకరణము ప్రశ్నోత్తరరూపమున నుండి, శతాబ్దుల తరబడి ఐరోపా బాలురకు తొలి వాచకమైనది. అంతకు మునుపే మొదటి శతాబ్దిలో క్వింటిలియను, బాలురకు నామముల విభక్తులును క్రియల రూపములును ముందుగా తెలిసి యుండవలెనని విధించినాడు. ఏల? తరువాత వచ్చు విషయము వేరొక విధమున బోధపడదు గనుక. చూచితిరా! ఆయన కోరిన ఫలము బోధ, అప్పగింత కాదు. బాలురను కొట్టుట తగదని గట్టిగా వాదించినవాడును ఆ క్వింటిలియనే. మనము ఆయన విధిని గైకొని, దాని కారణమును జారవిడిచితిమి.

కారణమును విడిచిన పట్టిక యెట్టి దుస్థితి తెచ్చునో ఒక్క యుదాహరణమున చూపెదను. గులాబి యను అర్థముగల ‘రొస’ శబ్దమును ప్రారంభకుడు మొదటి వారమున వల్లించును. ఏకవచనమున ‘రొస’ ప్రథమ, ‘రొసమ్’ ద్వితీయ, ‘రొసై’ షష్ఠి, ‘రొసై’ చతుర్థి, ‘రొసా’ పంచమి. బహువచనమున ‘రొసై’ ప్రథమ, ‘రొసాస్’ ద్వితీయ, ‘రొసారుమ్’ షష్ఠి, ‘రొసీస్’ చతుర్థీ పంచములు రెండును. బహువచన సంబోధన మరల ‘రొసై’ యే. ఇప్పుడు ‘రొసై’ అను ఒక్క పదమును కాగితముపై వ్రాసి, దీని యర్థమేమని అడుగుడు. గులాబి యొక్క, గులాబికి, గులాబులు, ఓ గులాబులారా – నాలుగును సరియే. ఏది యగునో పట్టిక చెప్పలేదు, వాక్యమే చెప్పవలెను. కావున వాక్యము లేక పట్టికను మాత్రము నేర్చినవాడు తాళపుచెవుల గుత్తిని మొలకు కట్టుకొని ఇంటి దారి యెరుగనివాని వంటివాడు.

ఇక రెండవ తప్పు. నేను కొన్న ప్రైమరు ఇంగ్లీషు బాలురకై వ్రాయబడినది. అది వారికి తగును. దానియందు దోషము లేదు. ఇంగ్లీషునందు ‘బాలిక రైతును చూచును’ అను వాక్యములో నామములను తారుమారు చేసినచో రైతే బాలికను చూచును. అందుచేత వారి గ్రంథకర్తలు, పదము యొక్క స్థానము కాక తోక అర్థమును నిర్ణయించునని నచ్చజెప్పుటకు పుటలకు పుటలు వెచ్చింతురు. మన పిల్లలకు ఈ పుటలతో నేమి పని? ‘పుఎల్ల అగ్రికొలై రొసమ్ దత్’ అను లాటిను వాక్యమును చూడుడు. ‘బాలిక రైతునకు గులాబిని ఇచ్చును.’ పదమునకు పదము, వరుసకు వరుస సరిపోయినది. ‘రొసమ్ అగ్రికొలై పుఎల్ల దత్’ అని మార్చుడు. ‘గులాబిని రైతునకు బాలిక ఇచ్చును.’ అర్థము చెడలేదు. డు, ము, వు, లు మొదలు ఓ, ఓరీ వరకు విభక్తులను ఆడుచు పాడుచు నేర్చిన తెలుగు బిడ్డకు ఇది యొక వింతయా?

మరియొకటి. ‘నాకు పుస్తకము కలదు’ అను భావమును లాటినువారు ‘మిహి లిబెర్ ఎస్త్’ అందురు. ‘మిహి’ అనగా నాకు, ‘లిబెర్’ అనగా పుస్తకము, ‘ఎస్త్’ అనగా ఉన్నది. ఇంగ్లీషు ప్రైమరులలో ఇది యొక ప్రత్యేక ప్రయోగము. దానికి వేరొక పేరు, వేరొక పాఠము. తెలుగువాడు అనుదినము ఆడు మాటయే యిది. మన మాటను మనము పరదేశపు వింతగా కంఠస్థము చేయుచున్నాము!

క్రియలును అంతే. ‘లెగో’ అను ఒక్క పదమున చదువుదును అను అర్థమంతయు ఇమిడియున్నది. నేను అని వేరుగ చెప్పనక్కరలేదు. చదువుదును, చదువుదువు, చదువుదుము అనునప్పుడు మన క్రియ చివర నున్నదే పురుషయు వచనమును తెలుపుచున్నది గదా! సంస్కృతము వచ్చినవారికి ఇంకను సుళువు. ఉండుట యను క్రియకు లాటినున ‘సుమ్, ఎస్, ఎస్త్, సుముస్, ఎస్తిస్, సున్త్’. సంస్కృతమున ‘అస్మి, అసి, అస్తి, స్మః, స్థ, సంతి’. రెండింటిని ప్రక్కప్రక్కన వ్రాసినచో, చాల కాలము విడిపోయిన తోబుట్టువులను ఒక్క పందిరిలో చూచినట్లుండును. రాజులకు అను అర్థమిచ్చు ‘రేగిబుస్’ చివరనున్న ‘బుస్’ మన ‘రాజభ్యః’ చివరనున్న ‘భ్యః’ యొక్క చుట్టమే.

ఇచ్చట మన పండితులకు ఒక మనవి. ఈ పోలికలు చూచి, లాటిను సంస్కృతము కడుపున పుట్టినదని జబ్బలు చరచుకొనవలదు. 1786లో కలకత్తాలో విలియం జోన్సు చెప్పినది అది కాదు. సంస్కృతము, గ్రీకు, లాటినులు బహుశః ఇప్పుడు లేని యొక మూలభాషనుండి పుట్టినవని ఆయన ఊహ. తరువాతి పరిశోధన ఆ తోబుట్టువుల సంబంధమునే స్థిరపరచినది. అక్కను తల్లి యని పిలిచినంత మాత్రమున అక్కకు గౌరవము హెచ్చదు. పోలిక నేర్చుకొనుటకు ఉపకరణము, గర్వించుటకు కాదు.

ఆ గర్వము మనలను దారి తప్పించు చోట్లును కలవు. మనకు ప్రథమపురుష అనగా వాడు, అది. లాటిను వ్యాకరణమున మొదటి పురుష అనగా నేను. ఇది యెరుగని సంస్కృతజ్ఞుడు తొలి పట్టికనే తలక్రిందుగా చదువును. నేను మొదటి రాత్రి అట్లే చదివితిని. మన సంస్కృతమునకు విభక్తులు సంబోధనతో ఎనిమిది, లాటినునకు ఆరు. మన తృతీయ, పంచమి, సప్తములు మూడును చాలవరకు ఒక్క విభక్తిలో కలిసిపోయినవి. చేత, నుండి, అందు అను మూడర్థములలో ఏది యగునో వాక్యమును బట్టి తీయవలెను. ద్వివచనము లేదు. తెలుగునందు మంచి బాలుడు, మంచి బాలిక, మంచి ఫలము అని విశేషణము కదలదు. లాటినున అది ప్రతి యడుగున లింగవచనవిభక్తులను అనుసరించును. అంతియకాక, తోక పుంలింగమువలె కనబడినను పదము స్త్రీలింగము కావచ్చును. రావిచెట్టు ‘ఫైకస్ రెలిజియోసా’ అగుటయు, చింతచెట్టు ‘టామరిండస్ ఇండికా’ అగుటయు ఇందుచేతనే. లాటినున వృక్షనామములు సాధారణముగా స్త్రీలు. మన విద్యార్థి శ్రమపడవలసిన చోట్లు ఇవి. వీనిని విడిచి, ఇంగ్లీషువాని కష్టములను మన నెత్తిన వేసికొని మోయుచున్నాము.

మన లిపి మనకిచ్చు మేలును కూడ ఎన్నరు. లాటినున అచ్చుల హ్రస్వదీర్ఘములు అర్థమును మార్చును. ‘లెగిత్’ అనగా చదువుచున్నాడు, ‘లేగిత్’ అనగా చదివెను. నాలుగు తెగల క్రియలలో రెండవ దానిని, మూడవ దానిని వేరుపరచు గుర్తు ఒక్క అచ్చు నిడివియే: ‘మొనేరె’లో దీర్ఘము, ‘రెగెరె’లో హ్రస్వము. రోమను లిపిలో దీనికి అక్షరముపై గీత గీయవలెను. గీత లేని పుస్తకమున బాలుడు అంధుడే. నాగరిలిపి సంస్కృతమునకు అమరినది గాన ఎ, ఒ ల హ్రస్వములను తెలుపుటకు దానియందు పూర్వమునుండి తావు లేదు. మన తెలుగులిపిలో ఎ, ఏ, ఒ, ఓ నాలుగును వేరువేరుగా సిద్ధముగ నున్నవి. తొలి నెలలో లాటిను పదములను తెలుగు అక్షరములలో కూడ వ్రాయించినచో ఈ చిక్కు సగము తీరును.

“అయ్యా! ఇంతకు లాటిను మనకేల? మృతభాష, దొరల భాష” అని కొందరు అడుగుదురు. పూర్వము ఇంగ్లండున అది పెద్దింటి మగపిల్లలకు గుర్తింపుబిళ్లగా నుండిన మాట నిజము. ఆక్సుఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములు ప్రవేశమునకు అందరికిని లాటిను కావలెనను నిబంధనను 1960లో తొలగించినవి. ఆ బిళ్ల పోయినది, మంచిదే. కాని ఆ గొప్పింటి గోడల వెనుక నుండిన కథ యొకటి వినుడు. ఇంగ్లండున తరతరములు చదివిన లాటిను ప్రైమరు 1888లో కెన్నెడీ పేర సవరింపబడి వెలువడినది. దానిలో అధికభాగము ఆయన కుమార్తెలు మేరియను, జూలియాలును, ఇద్దరు పూర్వశిష్యులును వ్రాసినదని తరువాతి పరిశోధకులు తేల్చిరి. పుస్తకముపై పేరు తండ్రిదే. ఆ కాలమున కేంబ్రిడ్జిలో స్త్రీలకు పట్టములు లేవు. 1948 వరకు పూర్ణాధికారముతో ఈయలేదు. మగపిల్లలకు పట్టికలు కూర్చియిచ్చిన చేతులు ఆడవారివి. పట్టమునకు మాత్రము వారు పనికిరారైరి! ఏ విద్యయు ఏ యొక్క కులమునకు గాని, లింగమునకు గాని సొత్తు కాదు. వేదము శూద్రునకు కూడదని, శాస్త్రము స్త్రీకి కూడదని యన్న నోళ్లకు మనము ఏ సమాధానము చెప్పితిమో, లాటిను దొరలదే యన్నవారికిని అదియే చెప్పవలెను.

ఉపయోగము మాట యందురా? వైద్యమును, వృక్షశాస్త్రమును, న్యాయశాస్త్రమును చదువు మన బిడ్డలు లాటిను పదములను వందలకొలది మ్రింగుచున్నారు. అర్థము తెలిసి నమలుడని నేననుచున్నాను. 18వ శతాబ్దిలో మన సామర్లకోటలో పనిచేసి, 1793లో కలకత్తా ఉద్యానమునకు వెళ్లిన రాక్స్‌బరో దొర పేర ‘పుత్రంజీవ రాక్స్‌బర్గీ’ అని ఒక వృక్షము కలదు. ముందు పదము మన సంస్కృతము. వెనుక పదము చివరనున్న ఈకారము లాటిను షష్ఠీవిభక్తి, అనగా రాక్స్‌బరో యొక్క అని. ఈ యొక్క ప్రత్యయము తెలిసిన విద్యార్థికి అట్టి నామములన్నియు ఒక్కసారిగా నోరు తెరచి మాటాడును. తెలియనివానికి అవి యెన్నడును రాళ్లే.

కావున ఉపాధ్యాయ సోదరులకును, ఇంట పిల్లలను చదివించు తల్లిదండ్రులకును నేను చేయు విన్నపము ఇది. మొదటి దినమున పట్టికను ఈయకుడు, వాక్యము నీయుడు. బాలిక, రైతు, గులాబి అను మూడు నామములతోను, ఇచ్చును, చూచును అను రెండు క్రియలతోను పది వాక్యములు కూర్చుడు. తోక మారినప్పుడు అర్థమెట్లు మారినదో పిల్లనే చెప్పనిండు. వారము కడపట ఆ వాక్యములలోని రూపములను ఏరి, ఆ పిల్లచేతనే పట్టిక వ్రాయించుడు. తాను కట్టిన పట్టికను అప్పుడు బిగ్గరగా వల్లించనిండు. ఆ వల్లె నాకు సమ్మతమే, అది జ్ఞానమునకు కావలి. నామమును ప్రథమతో మాత్రము నేర్పక షష్ఠిని జతపరచి నేర్పుడు. పేరు అను అర్థముగల ‘నోమెన్’ను చూచి దాని షష్ఠి ‘నోమినిస్’ అని యెవరు ఊహింపగలరు? అయినను ‘నామ, నామ్నః’ తెలిసినవాడు దానిని మరువడు. క్రియను ఒక్క రూపముతో కాక, తెగను తెలుపు తుమర్థకముతో గూడ నేర్పుడు.

ఇంగ్లండులోనే ఇట్టి మార్గమును త్రొక్కినవారు కలరు. 1863లో మన కలకత్తాలో పుట్టిన రౌజు అను పండితుడు 1902 నుండి 1928 వరకు కేంబ్రిడ్జి పట్టణమున పెర్సు పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడై, లాటినును లాటినులోనే మాటాడుచు బాలురకు నేర్పినాడు. ఆయన ఆ విశ్వవిద్యాలయమున సంస్కృతమును బోధించినవాడు గూడ. సంస్కృతమెరిగిన ఆంగ్లేయుడు జీవములేని వల్లెను విడనాడగలిగినప్పుడు, సంస్కృతమును తెలుగును రెండింటిని ఎరిగిన మనకేమి అడ్డము?

అడ్డమున్నది, అది మన లోననే యున్నది. ప్రశ్నకు జవాబు తెలియనప్పుడు తెలియదని చెప్పలేని గురువు అహంకారమే ఆ అడ్డము. ఆ దినమున నేను, “తెలియదమ్మా! రేపు చూచి చెప్పెదను” అని యుండిన, ఆ బాలికకు లాటిను విశేషణము ఒక్క రోజులో వచ్చియుండెడిది. నాకు రెండు రోజులలో వచ్చియుండెడిది. కంఠస్థము చేయుమన్న ఒక్క మాటతో ఆమె ప్రశ్నను చంపి, నా అజ్ఞానమును కాపాడుకొంటిని.

లాటినున ‘లిబెర్’ అనగా పుస్తకము, ‘లీబెర్’ అనగా స్వతంత్రుడు. నడుమ నున్న భేదము ఒక్క గుడిదీర్ఘము. పుస్తకము చేతబట్టిన పిల్ల స్వతంత్రురాలు కావలెనన్న, ఆ దీర్ఘమును అడిగి తెలిసికొను హక్కు ఆమెకుండవలెను. ఆ బాలిక మా బడి విడిచి చాల కాలమైనది. ఈ పత్రిక ఆమె యింటికి వచ్చునేమో! వచ్చినచో ఇదియే నా సమాధానము: అమ్మా, వరి స్త్రీలింగము, వెల్లుల్లి నపుంసకము, కుంకుమపువ్వు పుంలింగము, అందుచే తోక మారినది. నీ ప్రశ్న సరియైనది. ఆలస్యము నాది.